నెలసరి నొప్పి ఎందుకొస్తుందో తెలుసుకుందాం



ఈ రోజు నేను మాట్లాడబోయేది మన ఇళ్లలో నెలనెలా ఉండేదే అయినా గొంతు తగ్గించి చెప్పుకునే విషయం. నెలసరి నొప్పి. బహిష్టు నొప్పి అనండి, ముట్టు నొప్పి అనండి, "కడుపులో నొప్పిగా ఉందమ్మా" అని ఊరుకోండి, అన్నీ ఒకటే. నెలసరి వచ్చే ఆడవాళ్లలో సగానికి పైగా ఈ నొప్పిని ఎంతో కొంత పడినవాళ్లే. కొందరికి అది ఓర్చుకుని పని చేసుకోగలిగినంత. కొందరికి బడి మానేసేంత, కలుపు తీతకు వెళ్లలేనంత, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం మీద చూపు నిలపలేనంత. వింటున్న అమ్మలకూ అక్కచెల్లెళ్లకూ దాని సంగతి నేను వర్ణించి చెప్పనక్కర్లేదు. పక్కన కూర్చుని వింటున్న నాన్నలూ అన్నలూ, మీరు దయచేసి లేచి వెళ్లకండి. ఇందులో మీకూ పని ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. నొప్పులతో వచ్చేవాళ్లకు వ్యాయామం నేర్పడం నా వృత్తి. ఆడపిల్లల హాస్టళ్లకూ కాలేజీలకూ వెళ్లి నెలసరి నొప్పి గురించి పాఠం చెబుతుంటాను. ఆ పనిలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. నొప్పి ఎలా పుడుతుందో అర్థమైతే, ఆ నొప్పికి మన మీద ఉన్న పట్టు సడలుతుంది. ఏ నొప్పికి ఇంట్లో ఏం చేసుకోవాలో, ఏ నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

మన పద్ధతి చూడండి. పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచి పెడతాం, పేరంటం చేస్తాం, పట్టు పరికిణీ కట్టి ఫొటోలు తీయిస్తాం. ఏది ముట్టుకోకూడదో, ఎక్కడ కూర్చోకూడదో వరసగా చెబుతాం. నొప్పి వస్తే అదేమిటో, ఎందుకొస్తుందో మాత్రం చెప్పం. నొప్పి వచ్చిన రోజున పిల్ల వినే మాటలు మూడే. "అందరికీ ఉండేదే." "ఓర్చుకోవాలి." "పెళ్లయితే అదే తగ్గుతుంది." ఈ మాటలు చెప్పేవాళ్లకు ప్రేమ లేక కాదు. వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. వాళ్లు కూడా అలాగే ఓర్చుకున్నారు.

ముందు గర్భసంచిలో ఏం జరుగుతుందో చూద్దాం. ఒక్క నిమిషం నాతో పాటు ఈ పని చేయండి. మీ కుడిచేతి పిడికిలి బిగించండి. ఇంకా గట్టిగా. అలాగే పట్టి ఉంచండి. కాసేపటికి వేళ్లు లాగడం మొదలవుతుంది. ఇప్పుడు తెరిచి అరచెయ్యి చూసుకోండి. తెల్లబారి ఉంటుంది. బిగింపుకు అక్కడి రక్తం పక్కకు పోయింది. వదిలేసరికి మళ్లీ ఎరుపు వస్తోంది, లాగుడు తగ్గుతోంది. గర్భసంచి కూడా దాదాపు మీ పిడికిలంత ఉండే కండరమే. నెలసరి రోజుల్లో అది ఇలాగే బిగుస్తూ వదులుతూ ఉంటుంది.

ఎందుకు బిగుస్తుంది? అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను మెత్తగా, రక్తంతో నిండుగా సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే ఆ హార్మోను పడిపోతుంది. పొర ఊడడం మొదలవుతుంది. ఊడే పొరలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తాయి. ఆ పొరను బయటికి పంపడానికి గర్భసంచిని బిగించేవి ఇవే. ఇవి ఎక్కువగా తయారైతే బిగింపు ఎక్కువవుతుంది. తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లలో గర్భసంచి లోపలి ఒత్తిడి 120 మిల్లీమీటర్లను కూడా మించిపోతుందని కొలిచి చూశారు. బీపీ చూసినప్పుడు మామూలుగా వచ్చే పై అంకె అంత అన్నమాట. ఆ ఒత్తిడికి కండరానికి వెళ్లే రక్తం కాసేపు తగ్గిపోతుంది. ప్రాణవాయువు అందని కండరం నొప్పి సంకేతాలు పంపుతుంది. పైగా ప్రోస్టాగ్లాండిన్లు అక్కడి నరాల కొసలను మరింత సున్నితంగా మారుస్తాయి.

ఇదొక్కటి తెలిస్తే ఎన్నో సందేహాలు తీరిపోతాయి. కడుపునొప్పితో పాటు విరేచనాలు, వాంతులు, తలనొప్పి ఎందుకు? ఆ రసాయనాలు పేగుల కండరాన్నీ కదిలిస్తాయి, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి కాబట్టి. నొప్పి గర్భసంచిలో ఉంటే నడుమూ తొడలూ ఎందుకు లాగుతాయి? గర్భసంచి నుంచి వచ్చే నరాలూ, నడుము తొడల నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకే చోట కలుస్తాయి కాబట్టి. మొదటి నెలల్లో లేని నొప్పి ఏడాది తర్వాత ఎందుకు మొదలైంది? మొదట్లో చాలామంది పిల్లలకు అండం విడుదల కాకుండానే నెలసరి వస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో అండం విడుదల కావడం మొదలయ్యాకే ఈ రసాయనాలు ఎక్కువగా తయారవుతాయి. మామూలు నెలసరి నొప్పి రక్తం కనబడడానికి కాస్త ముందో, కనబడగానేనో మొదలై రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఇందులో గర్భసంచికి పుండు పడదు, దెబ్బ తగలదు.

ఈ మాత్రం సంగతి తెలియడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా కూడా ఎందరో డాక్టర్లు ఈ నొప్పిని మనసు బలహీనత అనుకున్నారు. 1957లో బ్రిటన్‌కు చెందిన పికిల్స్ అనే శాస్త్రవేత్త నెలసరి స్రావంలో కండరాన్ని బిగించే పదార్థం ఒకటుందని చూపించాడు. అది ప్రోస్టాగ్లాండిన్లేనని తర్వాతి ఏళ్లలో తేలింది. 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త, ఆస్పిరిన్ జాతి మాత్రలు ఈ రసాయనాల తయారీనే ఆపుతాయని కనిపెట్టాడు. ప్రోస్టాగ్లాండిన్ల మీద చేసిన కృషికి 1982లో ఆయనకూ, స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రోమ్, శామ్యుయెల్సన్లకూ నోబెల్ బహుమతి వచ్చింది. ఆడపిల్ల నొప్పి కల్పన కాదని, దానికి రసాయనం ఉందని, మందు ఉందని రుజువై యాభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మన ఇళ్లలో "నాటకాలు ఆడుతోంది" అనే మాట వినిపిస్తోందంటే, ఆ తప్పు చదువుకున్న మా అందరిదీ.

ఇక రెండో సంగతి. గర్భసంచి పంపేది సంకేతమే. ఆ సంకేతాన్ని నొప్పిగా మార్చేది మెదడు. ఈ మాట చాలామందికి కొత్తగా ఉంటుంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు డాక్టరు ఇటలీ యుద్ధరంగంలో పనిచేశాడు. తీవ్రంగా గాయపడి వచ్చిన సైనికులను, నొప్పికి మందు ఇవ్వమంటారా అని అడిగితే, ఎక్కువమంది వద్దన్నారు. వాళ్లు స్పృహలోనే ఉన్నారు, గాయాలు నిజంగానే పెద్దవి. అయితే ఆ గాయంతో వాళ్లకు యుద్ధం ముగిసింది, ప్రాణంతో ఇంటికి వెళతారు. గాయానికి అర్థం మారితే నొప్పి కూడా మారుతుందని బీచర్ రాశాడు. 2007లో మోస్లీ, ఆర్నట్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే విషయాన్ని ప్రయోగశాలలో చూశారు. సున్నాకు 20 డిగ్రీల కిందికి చల్లబరిచిన లోహపు కడ్డీని మనుషుల చేతి వెనక ఆనించారు. ఆనించేటప్పుడు ఒకసారి ఎర్రదీపం, ఒకసారి నీలిదీపం వెలిగించారు. కడ్డీ అదే, చలి అదే. ఎర్రదీపం వెలిగినప్పుడు నొప్పి ఎక్కువ అనిపించిందని వాళ్లు చెప్పారు. ఎరుపు అంటే కాలుతుందని మెదడు ముందే లెక్క వేసుకుంది.

అంటే నొప్పి అంతా భ్రమేనా? ముమ్మాటికీ కాదు. ప్రతి నొప్పీ నిజమే. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని ఎవరైనా చెబితే ఆ మాటను గౌరవించాలని ప్రత్యేకంగా పేర్కొంది. నేను చెప్పేదేమిటంటే, శరీరం నుంచి వచ్చే సంకేతంతో పాటు మన భయం, మన నిద్ర, మన చుట్టూ ఉన్నవాళ్ల మాటలు, ఇంతకు ముందు నెలల అనుభవం, వీటన్నిటినీ మెదడు లెక్కలోకి తీసుకుంటుంది. ప్రమాదం ఎక్కువ అనుకుంటే నొప్పిని పెంచుతుంది. ఫర్వాలేదు అనుకుంటే తగ్గిస్తుంది. తగ్గించే ఏర్పాటు కూడా మన ఒంట్లోనే ఉంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాలు, కింద నుంచి వచ్చే నొప్పి సంకేతాలను అక్కడికక్కడే అణచగలవు. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ఈ దారిలో తొలి పెద్ద అడుగు. నొప్పి ఉన్నచోట రుద్దుకుంటే హాయిగా ఎందుకుంటుందో ఆ సిద్ధాంతం వివరించింది.

దీన్నిబట్టి ఓ పదిహేనేళ్ల పిల్ల పరిస్థితి ఆలోచించండి. పొత్తికడుపులో మెలిపెడుతోంది. లోపల ఏదో పాడైపోతోందని ఆమె భయం. ఎవరినీ అడగలేదు. రాత్రి నిద్ర లేదు. మూలన చాప మీద ముడుచుకుని పడుకుంది. కడుపు బిగబట్టింది, ఊపిరి కూడా సగమే తీస్తోంది. వచ్చే నెల కూడా ఇంతేనన్న బెంగ ఇప్పుడే మొదలైంది. ఇందులో ప్రతి ఒక్కటీ మెదడుకు ప్రమాద సూచనే. నొప్పి ఇలా నెలనెలా, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వస్తుంటే నాడీవ్యవస్థే సున్నితమైపోతుంది. చిన్న సంకేతానికి కూడా పెద్ద నొప్పి పుడుతుంది. వెన్నుపాములో ఇలాంటి మార్పు జరుగుతుందని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. తీవ్రమైన నెలసరి నొప్పి ఉన్న ఆరోగ్యవంతులైన యువతుల్లో కూడా మెదడు నొప్పికి స్పందించే తీరు మారుతోందని 2011లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు. "ఓర్చుకో" అన్న సలహా ఎందుకు మంచిది కాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నొప్పిని ఏళ్ల తరబడి ఊరికే భరించడం వల్ల ఒరిగేదేమీ లేదు, నష్టం మాత్రం ఉండవచ్చు.

మరి పాఠం చెబితే నొప్పి తగ్గుతుందా? ఈ ప్రశ్నను ముందు నడుమునొప్పి విషయంలో పరీక్షించారు. ఆస్ట్రేలియాలో డేవిడ్ బట్లర్, ఇందాక చెప్పిన లోరిమర్ మోస్లీ అనే ఫిజియోథెరపిస్టులు నొప్పి శాస్త్రాన్ని రోగులకు అర్థమయ్యే భాషలో చెప్పే పద్ధతిని తయారు చేసి, 2003లో పుస్తకంగా తెచ్చారు. మరుసటి ఏడాది మోస్లీ, ఆయన సహచరులు దీర్ఘకాలిక నడుమునొప్పి ఉన్న 58 మందిని రెండు జట్లు చేసి పరీక్షించారు. ఒక జట్టుకు వెన్నెముక నిర్మాణం గురించి పాఠం చెప్పారు. రెండో జట్టుకు నొప్పి ఎలా తయారవుతుందో పాఠం చెప్పారు. మందు లేదు, వ్యాయామం లేదు, పాఠం ఒక్కటే. నొప్పి పాఠం విన్నవాళ్లకు భయం తగ్గింది. ముందుకు వంగడం, పడుకుని కాలు పైకెత్తడం మెరుగయ్యాయి. అయితే రోజువారీ ఇబ్బంది తగ్గడానికి పాఠం ఒక్కటే చాలదని కూడా వాళ్లే తేల్చి చెప్పారు. పాఠానికి వ్యాయామం తోడైతేనే ఫలితం నిలుస్తుంది. ఇప్పుడు ఫిజియోథెరపిస్టులం అదే పద్ధతిని నెలసరి నొప్పికి కూడా వాడుతున్నాం. నేను కూడా పాఠాన్ని మందుకు బదులుగా చెప్పను. మందు, కాపడం, నడక, వీటిని భయం లేకుండా, సరైన వేళకు వాడుకునే తెలివిని పాఠం ఇస్తుంది.

హాస్టల్లో పాఠం ఎలా ఉంటుందో చెబుతాను. ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలు నేల మీద వరసల్లో కూర్చుంటారు. బోర్డు మీద గర్భసంచి బొమ్మ వేయగానే సగం మంది తల దించుకుంటారు. పిడికిలి బిగించమనగానే ఒకరి చేతులు ఒకరు చూసుకుని నవ్వులు మొదలవుతాయి. ఆ తర్వాత ప్రశ్నలన్నీ చీటీల మీద రాయమంటాను, పేర్లు రాయొద్దంటాను. చీటీలు విప్పితే తెలుస్తుంది పిల్లల గుండెల్లో ఎంత భయం ఉందో. "నొప్పి వస్తే పిల్లలు పుట్టరా?" "మాత్ర వేసుకుంటే గర్భసంచి ఎండిపోతుందా?" "ఆటలు ఆడితే గర్భసంచి జారిపోతుందా?" "చెడ్డ రక్తం లోపల ఆగిపోతే క్యాన్సర్ వస్తుందా?" ఒక్కో చీటీ చదివి, అందరూ వినేలా జవాబు చెబుతాను. మామూలు నెలసరి నొప్పి వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. మాత్ర వల్ల గర్భసంచి ఎండిపోదు. ఆటల వల్ల గర్భసంచి జారదు. నెలసరి రక్తం చెడ్డ రక్తం కాదు, క్యాన్సర్ రాదు. ఆ జవాబులు వింటూ పిల్లలు తలెత్తి కూర్చుంటారు. చివర్లో చీటీలు అక్కర్లేకుండానే చేతులు పైకి లేస్తాయి.

సరే, నొప్పి ఎలా పుడుతుందో తెలిసింది కదా. ఇప్పుడు ఏం చేయాలో వరసగా చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

మొదటిది, క్యాలెండర్. నెలసరి మొదలైన రోజు, నొప్పి ఎన్ని రోజులుంది, సున్నా నుంచి పదిలో ఎంతుంది, ఏం చేస్తే తగ్గింది, రాసి పెట్టుకోండి. మూడు నెలలు రాస్తే మీ నొప్పి తీరు మీకే తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ కాగితమే పనికొస్తుంది.

రెండోది, మాత్ర, దాని వేళ. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి. అంటే ఆ రసాయనాలు పోగుపడక ముందే వేసుకోవాలి. చాలామంది నొప్పి భరించలేని స్థితికి వచ్చేదాకా ఆగి, అప్పుడు వేసుకుని, పని చేయలేదంటారు. నొప్పి మొదలవగానే గానీ, రక్తం కనబడగానే గానీ, ఏదైనా తిన్నాక వేసుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వాడాలి. వైద్య ప్రయోగాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2015లో 80 ప్రయోగాలపై చేసిన సమీక్ష ప్రకారం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వందమందిలో సుమారు 18 మందికి చెప్పుకోదగ్గ ఊరట దొరికింది. అసలు మాత్రలు వేసుకున్నవాళ్లలో 45 నుంచి 53 మందికి దొరికింది. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఇవి వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ అరుదుగా తీవ్రమైన అలర్జీ తెస్తుందని 2023లో మన దేశపు ఔషధ ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. కాబట్టి మాత్ర మొదలుపెట్టాక జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆపేసి వెంటనే డాక్టరుకు చూపించండి.

మూడోది, కాపడం. మన అమ్మమ్మలు పెట్టిందే. 2001లో అచ్చయిన ఒక అధ్యయనంలో పొత్తికడుపు మీద రోజుకు పన్నెండు గంటలు సన్నని వేడి తగిలేలా పట్టీ కట్టుకున్నవాళ్లకు ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లతో సమానంగా ఊరట దొరికింది. రెండూ కలిపి వాడినవాళ్లకు సుమారు గంటన్నరలో తేడా తెలిసింది. మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లకు అందుకు రెండు గంటల ముప్పావు పట్టింది. హాట్ వాటర్ బ్యాగ్ లేకపోతే గట్టి మూత ఉన్న సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టండి. చర్మం కమిలేంత వేడి వద్దు.

నాలుగోది, కదలిక. 2019 కాక్రేన్ సమీక్ష ప్రకారం వారానికి మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువగా, ఒక్కోసారి ముప్పావు గంట నుంచి గంటసేపు వ్యాయామం చేసినవాళ్లలో నొప్పి వంద పాయింట్ల కొలతలో సుమారు 25 తగ్గింది. యోగా అయినా, వేగంగా నడవడమైనా, ఒళ్లు సాగదీసే వ్యాయామమైనా సరే. నెలంతా చేస్తే నెలసరి రోజుల్లో ఫలితం కనబడుతుంది. నొప్పి రోజున మరీ బరువు పనులు అక్కర్లేదు. ఇంట్లో అటూ ఇటూ నడవండి. మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగి, నుదురు చాపకు ఆనించి, కడుపు వదులు చేసి, ముక్కుతో నిదానంగా ఊపిరి తీసి అంతకంటే నిదానంగా వదలండి. అప్పుడు మనసులో అనుకోవలసింది ఇంతే: "గర్భసంచి బిగుస్తోంది, కాసేపట్లో వదులవుతుంది, లోపల ఏమీ పాడవడం లేదు." ఇది ఉత్త ధైర్యవచనం కాదు, శరీరంలో జరుగుతున్న వాస్తవం.

ఐదోది, నిద్ర. నిద్ర తక్కువైతే మరుసటి రోజు నొప్పి ఎక్కువ తెలుస్తుంది. నెలసరి వచ్చిందని పిల్లను చల్లటి గచ్చు మీద, వేరే మూలన పడుకోబెట్టకండి. వెచ్చగా, నలుగురి మధ్య పడుకోనివ్వండి.

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట. ప్రతి నొప్పీ మామూలు నొప్పి కాదు. నెలసరికి చాలా రోజుల ముందే మొదలయ్యే నొప్పి, అయిపోయాక కూడా వదలని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి, ఇన్నేళ్లు లేకుండా పాతికేళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి, మలమూత్రాలకు వెళ్లేటప్పుడు గానీ భార్యాభర్తల కలయికలో గానీ వచ్చే నొప్పి, రక్తస్రావం మరీ ఎక్కువ కావడం, జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, మాత్ర సరిగ్గా వేసుకున్నా రెండు మూడు నెలలుగా తగ్గకపోవడం, వీటిలో ఏది ఉన్నా స్త్రీల వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బులో గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరుగుతుంది. పునరుత్పత్తి వయసు స్త్రీలలో పదిమందిలో ఒకరికి, ప్రపంచం మొత్తం మీద సుమారు 19 కోట్ల మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "అందరికీ ఉండేదే" అన్న మాట వల్ల ఇది బయటపడడానికి ఏళ్లు పట్టేస్తోంది.

మన రెండు రాష్ట్రాల గురించి మరో మాట చెప్పకుండా ముగించలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఆ ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి అది 34 ఏళ్లలోపే జరిగింది. సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నెలసరి నొప్పి. క్యాన్సర్ లాంటి జబ్బులో, ఇతర చికిత్సలు పని చేయనప్పుడు ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. కానీ పిల్లలు పుట్టేశారు కదా, ఇక గర్భసంచితో పనేముంది, తీసేస్తే పీడ పోతుందన్న మాటకు తలూపడం వేరు. చిన్న వయసులో ఈ ఆపరేషన్ అయితే అండాశయాలు ఉంచినా ముట్లు ఉడిగే మార్పులు ముందే వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎముకలకూ గుండెకూ ఆ భారం పడుతుంది. అనవసరపు ఆపరేషన్ల మీద నిఘా పెట్టాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. నా దృష్టిలో కోర్టు ఆదేశం కంటే ముందు పని చేసేది ఆడవాళ్ల చేతిలోని తెలివి. నొప్పి ఎందుకొస్తుందో తెలిసిన స్త్రీ డాక్టరును అడగగలదు: "నాకున్న జబ్బు పేరేమిటండీ? మందులతో తగ్గదా? ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు? ఇంకో డాక్టరుకు కూడా చూపించుకుంటాను." ఆ నాలుగు మాటలు అడిగే ధైర్యం పదిహేనేళ్ల వయసులో విన్న పాఠం నుంచి వస్తుంది.

ఆ పాఠం చెప్పడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం 2014లో ప్రారంభించిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ఊళ్లలో ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది, అంగన్‌వాడీ ఉంది. కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో బడిలో చదివే ఆడపిల్లలకు నెలకు పది శానిటరీ నాప్కిన్లు ఇచ్చే పథకం వచ్చింది. ఆ ప్యాకెట్టు చేతికిచ్చే రోజునే నొప్పి గురించి అరగంట పాఠం చెబితే చాలు.

టీచర్లూ, నొప్పిగా ఉందని పిల్ల చెబితే నమ్మండి. పడుకోవడానికి చోటివ్వండి, తగ్గాక క్లాసుకు రానివ్వండి. నాన్నలూ, అన్నలూ, భర్తలూ, వేడినీళ్లు కాచి ఇవ్వడం, ఆ పూట వంట చేయడం మీ పనే అనుకోండి. మీరు నమ్ముతున్నారన్న భరోసాకే ఆమె నొప్పి కొంత తగ్గుతుంది. పొలంలో, ఫ్యాక్టరీలో, ఆఫీసులో పని ఇచ్చేవాళ్లూ, కాసేపు కూర్చోవడానికి చోటు, శుభ్రమైన మరుగుదొడ్డి ఇవ్వండి.

అమ్మలకు నా మనవి ఒక్కటే. మీ అమ్మాయి పెద్దమనిషి అయ్యేదాకా ఆగకండి. తొమ్మిది, పదేళ్లు వచ్చాక ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, పిడికిలి బిగించి చూపించి, నెలసరి అంటే ఏమిటో, నొప్పి ఎందుకొస్తుందో, వస్తే ఏం చేయాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పండి. మీకు తెలియని చోట మీ ఊరి ఏఎన్ఎంను అడిగి తెలుసుకుని చెప్పండి. మీకు ఎవరూ చెప్పకపోయినా సరే, మీ పిల్లకు మీరు చెప్పండి.